బీపీ చూసేటప్పుడు నాడి లయ కూడా చూడాలి

అందరికీ నమస్కారం.

బీపీ చూపించుకునేవాళ్లు పై అంకె ఎంత, కింది అంకె ఎంత అని అడుగుతారు. నాడి లయగా కొట్టుకుంటోందా అని అడిగేవాళ్లు అరుదు. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెబుతాను.

ఒంటికంతటికీ రక్తాన్ని తోసేది గుండెలోని ఎడమ జఠరిక. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, ఆ ఒత్తిడికి ఎదురు తోసి తోసి దాని గోడ మందమెక్కుతుంది. మామూలుగా 6 నుంచి 10 మిల్లీమీటర్లుండేది 12, 13కి చేరవచ్చు. మందమెక్కిన కండరం బిగుసుకోవడం బాగానే బిగుసుకుంటుంది గానీ, వదులవడానికి మొరాయిస్తుంది. చిక్కంతా అక్కడే. వదులవని గదిలోకి రక్తం సులువుగా దిగదు. పైనున్న ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది. దాని గోడ పల్చన, తట్టుకోలేక సాగుతుంది. సాగినకొద్దీ కండర కణాల మధ్య పీచు పేరుకుంటుంది. విద్యుత్ సంకేతం ఆ పీచు దగ్గర తడబడి, పక్కదారి పట్టి, వచ్చిన చోటికే మళ్లీ చుట్టుకొస్తుంది. ఊపిరితిత్తుల సిరలు కర్ణికలో కలిసే చోట పుట్టే అదనపు సంకేతాలే చాలామందిలో దీన్ని మొదలుపెడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు.

ఇదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వాడుకలో ఏఎఫ్. కర్ణికలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతాయి. కర్ణికల నుంచి జఠరికలకు సంకేతాన్ని దాటించే ఏవీ నోడ్ వాటన్నిటినీ కిందికి వదలదు కాబట్టి సరిపోయింది. వదిలినవి మాత్రం ఒక వరస లేకుండా దిగుతాయి. ముడుచుకోకుండా అదిరే కర్ణికలో రక్తం నిలిచి, దాని పక్కనే సంచిలా ఉండే అపెండేజ్‌లో గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఏఎఫ్ ఉంటే ఆ ముప్పు సుమారు 5 రెట్లు. దడ ఏమీ తెలియని వాళ్లు కూడా బోలెడుమంది, వాళ్లకూ ఈ ముప్పు తప్పదు.

అందుకే నాడి పట్టుకోవడం నేర్చుకోండి. అయిదు నిమిషాలు కూర్చున్నాక, బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడు వేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దాని నాడే మీకు తగులుతుంది. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే వేగం తెలుస్తుందేమో గానీ లయ తెలియదు. లయ సమంగా ఉండి ఎప్పుడో ఒక దెబ్బ తప్పి, ఆ తర్వాతది గట్టిగా తగిలితే అది చాలావరకు ఎక్టోపిక్ బీట్, అంటే వేళకు ముందే పడే అదనపు దెబ్బ. ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకేలా లేకపోతే ఏఎఫ్‌ను అనుమానించాలి. తేల్చేది ఈసీజీయే. ఏఎఫ్ ఉంటే అందులో కర్ణికలు ముడుచుకునే ముందు కనబడాల్సిన పీ తరంగాలు కనబడవు, ఆర్-ఆర్ ఎడాలకు, అంటే ఒక దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య ఎడాలకు, ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. వచ్చిపోయే రకమైతే ఒక్క ఈసీజీకి దొరకదు, హోల్టర్, అంటే ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే చిన్న యంత్రం, పెట్టాల్సి వస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. లయ తప్పితే బీపీ మిషన్ అంకెనూ పూర్తిగా నమ్మలేం. దెబ్బల మధ్య ఎడం ఎక్కువైతే గుండె ఎక్కువ నిండి ఒత్తిడి పెరుగుతుంది, ఎడం తక్కువైతే తగ్గుతుంది. అందుకే నిమిషం ఎడంతో కనీసం మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. కఫ్ చొక్కా మీద కాకుండా చర్మం మీదే, గుండె ఎత్తులో ఉండాలి.

మందుల సంగతి. ఏఎఫ్ తేలినవారిలో ముప్పును బట్టి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ముప్పు లెక్కలో బీపీకే ఒక పాయింటు ఉంది. ఆ పనికి ఆస్పిరిన్ చాలదు. వార్ఫరిన్ వాడితే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష అంకె సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి. ఈ మందులు వాడుతూ పై బీపీని 160 దాటనిస్తే మెదడులో రక్తస్రావం భయం పెరుగుతుంది. కాబట్టి పలుచన మందు వేసుకుంటున్నాం కదా అని బీపీ మాత్ర మానడం పెద్ద పొరపాటు. సొంతంగా నొప్పి మాత్రలు కొనుక్కోవడమూ అంతే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అటు బీపీని, ఇటు రక్తస్రావాన్ని రెండింటినీ పెంచుతాయి.

నీరు పోయే మాత్రలు, అంటే క్లోర్తాలిడోన్ వంటివి, పొటాషియంను తగ్గిస్తాయి. అది లీటరు రక్తానికి 3.5 మిల్లీమోల్ కంటే దిగితే ఎక్టోపిక్ బీట్లు ఎక్కువవుతాయి. మొదలుపెట్టిన నాలుగు వారాల్లోపు రక్తపరీక్ష చేయించుకోండి. పొటాషియం మాత్రలు మాత్రం మీకు మీరే వేసుకోకండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి దాన్ని పెంచేవైపు పనిచేస్తాయి, వాటికి పొటాషియం మాత్రలు తోడైతే ప్రమాదం.

మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు బీపీతో పాటు గుండె వేగాన్నీ అదుపులో పెడతాయి. కానీ ఒక్కసారిగా ఆపితే వేగం, బీపీ రెండూ ఎగబాకుతాయి. మానాల్సి వస్తే డాక్టరు ఒకటి రెండు వారాల మీద మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు.