లినక్స్‌లో వైఫై రాలేదా? ముందు చిప్ ఏ భాషదో కనుక్కోండి

(తెర మీద: పర్లాకిమిడి బజారు వీధి. తర్వాత బల్ల మీద తెరిచి ఉన్న పాత ల్యాప్‌టాప్.)

నమస్కారం. నేను పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఎక్కడికి వెళ్లినా, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ గురించి నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "అన్నా, నాది ఫలానా కంపెనీ ల్యాప్‌టాప్. లినక్స్ వేస్తే వైఫై వస్తుందా?" కంపెనీ పేరు చెబితే నేనేమీ చెప్పలేను అంటే, నాకు తెలిసి కూడా చెప్పడం లేదనుకుని నొచ్చుకుంటారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

మా ఊరి సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. స్టేషన్ బోర్డు మీద ఒడియా ఉంటుంది. ఆ బోర్డు చూసి ఇక్కడ అందరిదీ ఒడియానే అనుకుంటే పొరపాటు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా. కొండల మీద నుంచి సంతకు పసుపు, చింతపండు, కొండచీపుర్లు తెచ్చేవాళ్లలో చాలామందిది సవర. సంతలో బేరం కుదరాలంటే "మీది ఏ ఊరు?" అని అడిగి లాభం లేదు. ఎదుటి మనిషిది ఏ భాషో తెలియాలి. తెలియకపోతే రెండు భాషలూ వచ్చిన దుబాసీ కావాలి.

ల్యాప్‌టాప్ మూత మీద ఉన్న కంపెనీ పేరు ఊరి బోర్డు లాంటిదే. లోపల వైఫై చిప్ ఒకరు చేస్తారు, సౌండ్ చిప్ ఇంకొకరు, టచ్‌ప్యాడ్ మరొకరు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదాంట్లో ఇంటెల్ వైఫై, రెండోదాంట్లో రియల్‌టెక్ వైఫై ఉండొచ్చు. మీ స్నేహితుడికి వచ్చింది, మీకు రాలేదు అంటే కారణం అదే కావచ్చు. అదృష్టానికీ దీనికీ సంబంధం లేదు.

డ్రైవర్ అంటే ఆ దుబాసీ. విండోస్‌లో ఎక్కువగా చిప్ చేసిన కంపెనీయే తన దుబాసీని పంపుతుంది. అందుకే మనకు సైట్‌కి వెళ్లి డ్రైవర్ దించుకునే అలవాటు. లినక్స్‌లో దుబాసీలందరూ దాదాపుగా ఒకే ఇంట్లో ఉంటారు. ఆ ఇల్లు కెర్నల్, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ ఇంట్లో ఇప్పుడు కోడ్‌లో ఎక్కువ భాగం డ్రైవర్లదే. మీరు ఇన్‌స్టాల్ చేసిన రోజే వాళ్లంతా మీ డిస్క్ మీదకు వచ్చేశారు. ఇది తెలియక "లినక్స్ డ్రైవర్ డౌన్‌లోడ్" అని రాత్రంతా వెతుకుతారు.

మా చిన్నాన్న కొడుకు ఇలాగే తిప్పలు పడ్డాడు. బరంపురంలో డిగ్రీ చదువుతున్నాడు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 11 వేశాడు, వైఫై లేదు. కొన్న షాపులో అడిగితే "దీనికి లినక్స్ పడదు, విండోస్ వేయించుకో" అన్నారట. రెండు రాత్రులు ఏవేవో ఫైళ్లు దించి, మూడో రోజు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. "అన్నయ్యా, నా డబ్బులు పోయాయి" అంటూ కూర్చున్నాడు. కమాండ్లు టైప్ చేసే కిటికీ, అంటే టెర్మినల్ తెరిపించి ఈ కమాండ్ వేయించాను.

(తెర మీద: టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, ఖాళీ, హైఫన్, ఎన్ఎన్‌కే. అన్నీ చిన్న అక్షరాలే.)

సంతలో మనిషిని "బాబూ, మీ భాష ఏది?" అని అడగడం ఇదే. జవాబులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైన్ చూడండి. చివర చదరపు బ్రాకెట్లో రెండు గుర్తులు, మధ్యలో కోలన్. మొదటిది చిప్ ఎవరు చేశారో చెబుతుంది. 8086 అయితే ఇంటెల్. 10ఈసీ అయితే రియల్‌టెక్. 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. రెండోది ఏ చిప్పో చెబుతుంది. మా వాడిది 8086, కోలన్, 08బీ1. అంటే ఇంటెల్ 7260. నన్ను అడగాలంటే ఈ జత అడగండి, మూత మీద పేరు కాదు. యూఎస్‌బీకి గుచ్చే వైఫై అయితే కమాండ్ ఎల్ఎస్‌యూఎస్‌బీ.

ఆ కిందే కెర్నల్ మాడ్యూల్స్ అనే లైన్లో ఐడబ్ల్యూఎల్‌వైఫై అని ఉంది, అది ఇంటెల్ వైఫై డ్రైవర్ పేరు. దుబాసీ ఇంట్లోనే ఉన్నాడన్నమాట! మా వాడు రెండు రాత్రులు ఊరంతా వెతికిన దుబాసీ ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు. మరి మాట ఎందుకు కలవలేదు?

ఇక్కడే అసలు గందరగోళం. డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు. సంతలో అవతలి మనిషికి ఒక ఇబ్బంది ఉందనుకోండి. నిద్రపోయి లేచేసరికి తన పని మొత్తం మరిచిపోతాడు. రోజూ పొద్దున్నే ఒక చీటీ చేతిలో పెడితే, అది చదువుకుని పని మొదలుపెడతాడు. ఈ రోజుల్లో చాలా వైఫై చిప్‌లు అలాంటివే. కరెంట్ ఆగితే అన్నీ మరిచిపోతాయి. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ చీటీని డిస్క్ మీద నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. ఆ చీటీయే ఫర్మ్‌వేర్. మా వాడి దగ్గర దుబాసీ ఉన్నాడు, చీటీ లేదు. కెర్నల్ చెప్పే మాటలన్నీ చూపించే డీమెసేజ్ కమాండ్‌లో చూస్తే కెర్నల్ ఆ ఫైల్ దొరకలేదని స్పష్టంగా చెబుతూనే ఉంది. ఎవరూ వినలేదు, అంతే.

చీటీ ఎందుకు లేదు? అది సీలు వేసిన చీటీ. లోపల ఏముందో కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు, మార్చే హక్కు లేదు. ఎవరైనా విప్పి చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఇస్తామన్న మాటకు కట్టుబడి డెబియన్ వాళ్లు అలాంటివి అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవారు కాదు. 2022లో ఓటు పెట్టుకుని నిర్ణయం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి. నా మట్టుకు నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. నెట్ లేని కంప్యూటర్ చేతిలో పెట్టి స్వేచ్ఛ గురించి చెబితే బరంపురం కుర్రాడు వినడు. అయినా సీలు చీటీ వద్దనేవాళ్లంటే నాకు గౌరవం. అలాంటివాళ్ల కోసం ఆథరోస్ అనే కంపెనీ పాత చిప్‌లు ఉన్నాయి. ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడిచే పీసీఐ కార్డులకు చీటీయే అక్కర్లేదు.

దుబాసీ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. అసలు దుబాసీయే లేని భాష ఎదురైతే? మా ఊళ్లో ఆ పని చేసి చూపించినవారు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే పాఠాలు చెప్పేవారు. అప్పటికి సవరకు లిపి లేదు, చూసుకోవడానికి నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ రాసుకుంటూ నేర్చుకున్నారు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు లినక్స్ వాళ్లు చేసినదీ అచ్చంగా అదే. కంపెనీ పత్రాలు ఇవ్వలేదు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి, అది చిప్‌తో ఏం మాట్లాడుతోందో కనిపెట్టి రాసిపెట్టింది. ఇంకో జట్టు ఆ రాతలు మాత్రమే చూసి కొత్త డ్రైవర్ రాసింది. అదే బీ43. 2010లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లకు తానే ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది. ఎన్‌విడియా గ్రాఫిక్స్‌కు నూవో డ్రైవర్ పుట్టింది కూడా ఇలా విని విని నేర్చుకునే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సరే, మా వాడి కథ. వైఫై లేదు, మరి చీటీ ఎలా దించాలి? ఫోన్‌ను కేబుల్‌తో గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా పంచే సదుపాయం ఆన్ చేశాం. ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇది ఏ ఇన్‌స్టాలూ అడగకుండా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ సోర్సుల్లో నాన్‌ఫ్రీ, అంటే ఆ సీలు చీటీలు ఉండే విభాగం కలిపి, ఫర్మ్‌వేర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీ వేసి, రీస్టార్ట్ చేశాం. టీ చల్లారేలోపు వైఫై వచ్చింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. చిప్ మరీ కొత్తదైతే మీ కెర్నల్‌లో దుబాసీ ఇంకా పుట్టి ఉండడు, కొత్త కెర్నల్ వేయండి. డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ ఉన్నా వైఫై ఆన్ కాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్ వేసి చూడండి. హార్డ్ బ్లాక్ అని వస్తే చాలాసార్లు ల్యాప్‌టాప్ మీదే ఎక్కడో స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీ కనిపించకపోతే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో, వీఎండీ లేదా ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. కానీ లోపల విండోస్ ఉంటే అది మార్చగానే బూట్ కాకపోవచ్చు, ముందు మీ ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. కెర్నల్‌లో లేని బయటి డ్రైవర్ వేశాక లోడ్ కాకపోతే, సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపుతుండొచ్చు, అప్పుడు ఆ డ్రైవర్‌కు సంతకం చేయించాలి. సౌండ్ రాకపోతే అక్కడా చీటీ సమస్యే కావచ్చు, డెబియన్‌లో ఎస్ఓఎఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ చూడండి. వేలిముద్ర రీడర్ మీద ఆశ పెట్టుకునే ముందు, దాని నంబర్ లిబ్‌ఎఫ్‌ప్రింట్ అనే లినక్స్ వేలిముద్ర సాఫ్ట్‌వేర్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లు షాపుకి ఒక లైవ్ పెన్‌డ్రైవ్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. డిస్క్ ముట్టుకోకుండా దాని మీద నుంచే బూట్ చేసి, ఇందాకటి కమాండ్ వేసి, వైఫైకి కనెక్ట్ అయి, పాట ఒకటి పెట్టి, మూత మూసి తెరిచి చూడండి. పది నిమిషాలు పడుతుంది. షాపులో ఒప్పుకోకపోతే వేరే షాపుకి వెళ్లండి.