ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లిన ఆ ప్లే: బోయిసీ స్టేట్ 43, ఓక్లహామా 42 | 2007 ఫియస్టా బౌల్ రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ్టిది అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, బోయిసీ స్టేట్, ఓక్లహామా అనే రెండు యూనివర్సిటీల టీముల మధ్య. నా ముందున్నది క్యారమ్ బోర్డు. తెల్ల కాయిన్లు బోయిసీ స్టేట్, నల్లవి ఓక్లహామా, ఎర్రది బంతి. మ్యాచ్ వీడియో హక్కులు వేరేవాళ్లవి, నేను చూపించలేను. అందుకే చివర్లో వచ్చే మూడు ప్లేలను ఈ బోర్డు మీద పెట్టి చూపిస్తాను. టీముకి 11 మంది, రంగుకి కాయిన్లేమో తొమ్మిదే. కాబట్టి మనకు కావాల్సినవాళ్లనే పెడతాను.

డాలస్ వైపు ఉండే మనవాళ్లకు ఓక్లహామా పక్క రాష్ట్రమే. మా ఆఫీసులో ఆ యూనివర్సిటీలో చదివిన పెద్దాయన ఒకరున్నారు. ఈ మ్యాచ్ మాటెత్తితే చాలు, ఇప్పటికీ కాఫీ తెచ్చుకుంటానని లేచి వెళ్లిపోతారు. అసలు ఏం జరిగిందా అని మొత్తం మ్యాచ్ చూశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

కాలేజీ ఫుట్‌బాల్ కొత్తవాళ్ల కోసం ఒక్క నిమిషం. సీజన్ డిసెంబర్ మొదట్లో అయిపోతుంది. బాగా ఆడిన టీములను పిలిచి డిసెంబర్, జనవరిల్లో ఆడించే మ్యాచ్‌లే బౌల్ గేమ్స్. 1902లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో మొదలైన సంప్రదాయం ఇది. ఫియస్టా బౌల్ అరిజోనాలో జరుగుతుంది. 2007 జనవరి 1న గ్లెండేల్ స్టేడియానికి 73,719 మంది వచ్చారు. మన ఉప్పల్ స్టేడియం కిక్కిరిసినా అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆడేది కాలేజీ పిల్లలు అని గుర్తుపెట్టుకోండి.

ఇక రూల్స్. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులు, ఒక్కో ఛాన్సులో ఆడేదే ఒక ప్లే. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించి లోపలికి తీసుకెళ్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని 1 పాయింటు తెచ్చుకోవచ్చు, లేదా మూడు గజాల దూరం నుంచి ఇంకోసారి లోపలికి తీసుకెళ్లి 2 తెచ్చుకోవచ్చు. ఈ 1, 2 తేడానే మన కథ.

ఓక్లహామా గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అప్పటికే ఏడు జాతీయ టైటిళ్లు, కోచ్ బాబ్ స్టూప్స్, బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో (అంటే టీముల గ్రూపులో) ఛాంపియన్లు. బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు, అక్టోబర్‌లో కాలర్ బోన్ విరిగిన ఏడ్రియన్ పీటర్సన్ సరిగ్గా ఈ మ్యాచ్‌కి తిరిగొచ్చాడు. బోయిసీ స్టేట్ అలా కాదు. 1932లో జూనియర్ కాలేజీగా పుట్టింది, పెద్ద డివిజన్‌లోకి వచ్చిందే 1996లో. ఐడహో రాజధాని బోయిసీ అంటే మనలో కొందరికి చిప్‌లు చేసే మైక్రాన్ కంపెనీ గుర్తొస్తుంది. ఫుట్‌బాల్ వాళ్లకు నీలం రంగు మైదానం గుర్తొస్తుంది. 1986 నుంచి వాళ్ల హోమ్ గ్రౌండ్ నీలమే. కోచ్ క్రిస్ పీటర్సన్‌కి హెడ్ కోచ్‌గా అదే మొదటి ఏడాది. సీజన్‌లో 12 ఆడి 12 గెలిచారు. అయినా చాలామంది నిపుణుల మాట ఒకటే: చిన్న కాన్ఫరెన్స్‌లో గెలవడం వేరు, ఓక్లహామాతో ఆడటం వేరు.

మొదటి మూడు క్వార్టర్లను త్వరగా దాటేస్తాను. బోయిసీ 14-0తో మొదలుపెట్టింది. హాఫ్‌టైమ్‌కి 21-10. మూడో క్వార్టర్‌లో మార్టీ టాడ్మన్ ఓక్లహామా పాస్‌ని మధ్యలో అందుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడు. 28-10. మ్యాచ్ అయిపోయిందనే అనిపిస్తుంది. కానీ ఓక్లహామా తన్నిన పంట్ (బంతిని అవతలివాళ్లకు వదిలేస్తూ దూరంగా తన్నడం) ఒక బోయిసీ ఆటగాడి కాలికి తగిలింది, బంతి మళ్లీ ఓక్లహామాకే దొరికింది. ఏడ్రియన్ పీటర్సన్ టచ్‌డౌన్ కొట్టాడు. అక్కణ్నుంచి గాలి మారిపోయింది.

ఆఖరి క్వార్టర్‌లో 1 నిమిషం 26 సెకన్లు మిగిలుండగా ఓక్లహామా టచ్‌డౌన్. 28-26. సమం కావాలంటే 2 పాయింట్లు తేవాలి. రూల్స్ తప్పినందుకు పడ్డ పెనాల్టీల వల్ల ఆ ప్రయత్నం మూడుసార్లు ఆడాల్సొచ్చింది, మూడోసారి సాధించారు. 28-28. బోయిసీ చేతికి బంతి వచ్చిన తర్వాత మొదటి పాస్‌నే ఓక్లహామా ఆటగాడు మార్కస్ వాకర్ మధ్యలో అందుకుని 33 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఇప్పుడు ఓక్లహామా ముందుంది, 35-28, ఇంకా 62 సెకన్లు. ఇక్కడ బోయిసీని నేను సమర్థించను. స్కోరు సమంగా ఉంది, ఓవర్‌టైమ్ చేతిలో ఉంది, ఆ పాస్ అంత తొందరగా వేయాల్సింది కాదు. వేసింది బోయిసీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాస్‌లు విసిరే ఆటగాడు, జారెడ్ జబ్రాన్స్కీ. అతని ముఖం చూడండి ఆ క్షణంలో. 18 పాయింట్ల ఆధిక్యం పోయింది, ఓటమి తన చేతుల మీదుగానే వచ్చేలా ఉంది. మళ్లీ మైదానంలోకి వెళ్లాల్సిందీ తనే.

ఇప్పుడు బోర్డు చూడండి.

18 సెకన్లు. నాలుగో ఛాన్సు, కావాల్సింది 18 గజాలు. బంతి సరిగ్గా మధ్య గీత మీద. ఓక్లహామా వాళ్లు ఏం చేస్తారు? 18 గజాల దగ్గర కొందరు, వెనకాల కొందరు. మీరైనా నేనైనా అలాగే నిలబెడతాం. ఈ తెల్ల కాయిన్ డ్రిసన్ జేమ్స్. జబ్రాన్స్కీ విసిరాడు, జేమ్స్ పట్టుకున్నాడు. ఎక్కడ? 15 గజాల దగ్గర. అంటే మూడు గజాలు తక్కువ! పట్టుకున్నవాణ్ని పడేస్తే మ్యాచ్ ఓక్లహామాది. అందుకే నల్ల కాయిన్లన్నీ అతని మీదికి వచ్చాయి. రావడంలో తప్పేమీ లేదు. సరిగ్గా అప్పుడే ఎదురు దిశలో పరిగెత్తుకొస్తున్న జెరార్డ్ రాబ్ చేతికి జేమ్స్ బంతి అందించేశాడు. రాబ్ ముందు మైదానం ఖాళీ. 35 గజాలు, టచ్‌డౌన్, గడియారంలో 7 సెకన్లు. ఆఖరి 86 సెకన్లలో రెండు టీములూ కలిపి 22 పాయింట్లు కొట్టాయి.

దీన్ని అదృష్టం అన్నవాళ్లున్నారు. ఈ ప్లే పేరు సర్కస్, ప్రాక్టీసులో ఆడుతూ వచ్చినదే. ఓక్లహామా కుర్రాళ్లు క్రమశిక్షణతో పట్టుకున్నవాడి వైపు పరిగెత్తుతారని నమ్మి రాసుకున్న ప్లే. వాళ్లు సోమరిగా నిలబడి ఉంటే ఇది పనిచేసేది కాదు. అందుకే నాకు ఓక్లహామా వాళ్లమీద కోపం రాదు, బాధే వస్తుంది.

35-35, ఓవర్‌టైమ్. ఒక్కో టీముకి 25 గజాల దూరం నుంచి ఒక్కో అవకాశం. ఏడ్రియన్ పీటర్సన్ మొదటి ప్లేలోనే ఆ 25 గజాలూ పరిగెత్తేశాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతితో అతని ఆఖరి పరుగు అదే. 42-35.

బోయిసీ తడబడుతూ 5 గజాల దాకా వచ్చింది. మళ్లీ నాలుగో ఛాన్సు, రెండు గజాలు కావాలి. ఇప్పుడు జబ్రాన్స్కీ అనే కాయిన్‌ని ఇలా పక్కకి జరిపేస్తున్నాను. నిజంగా అదే చేశారు, క్వార్టర్‌బ్యాక్ పక్కకి నడిచి వెళ్లిపోయాడు. బంతి నేరుగా విన్నీ పెరెట్టాకి వెళ్లింది. అతను పరిగెత్తబోతున్నట్టు కుడివైపు కదిలి, డెరెక్ షౌమన్‌కి పాస్ విసిరాడు. టచ్‌డౌన్. 42-41.

ఒక్క పాయింటుకి తన్నితే సమం, ఇంకో ఓవర్‌టైమ్. కోచ్ పీటర్సన్ తన్నలేదు. రెండింటికి వెళ్లాడు. నా మటుకు నాకు ఇది తెగింపు కన్నా లెక్క. అవతల ఏడ్రియన్ పీటర్సన్ ఉన్నాడు, ఇవతల దాచుకున్న ప్లేలు దాదాపు అయిపోయాయి. ఆట ఎంత సాగితే పెద్ద టీముకి అంత లాభం. గెలిచే వీలు ఉన్నప్పుడే ముగించాలనుకున్నాడు.

మూడు గజాలు. కుడివైపు ముగ్గురు రిసీవర్లు, అంటే పాస్ పట్టేవాళ్లు, ఇదిగో ఇలా. జబ్రాన్స్కీ బంతి అందుకుని, కుడిచెయ్యి ఎత్తి వాళ్లవైపు విసిరినట్టు చేశాడు. నల్ల కాయిన్లు అటే తిరిగాయి. ఆ కుడి చేతిలో బంతి లేదు. బంతి ఎడమ చేతిలో, వీపు వెనకాల. దాన్ని ఇయాన్ జాన్సన్ తీసుకుని ఎడమవైపు నడిచినంత తేలిగ్గా లోపలికి వెళ్లిపోయాడు. చెయ్యెత్తి నిలబడే ఈ పాత ప్లేని స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ అంటారు. ఇందులో నేను పదేపదే చూసేది జాన్సన్‌ని. బంతి రాకముందు అతను ఏమీ చెయ్యడు. ఒక్క క్షణం ఊరికే నిలబడతాడు, ఈ ప్లేకి తనకూ సంబంధం లేనట్టు. ఆ సీజన్‌లో 25 టచ్‌డౌన్లు కొట్టినవాడు, 73 వేలమంది అరుస్తుంటే, అంత నెమ్మదిగా ఉండగలగడం నాకు మొత్తం మ్యాచ్‌లోకెల్లా గొప్పగా అనిపిస్తుంది.

మ్యాచ్ అవ్వగానే అతను తమ చీర్‌లీడర్లలో ఒకరైన తన గర్ల్‌ఫ్రెండ్ ముందు మోకాలిమీద కూర్చుని, టీవీ కెమెరాల ముందే పెళ్లికి అడిగాడు. అదే ఏడాది పెళ్లి కూడా అయింది.

ఇక నన్ను ఇప్పటికీ కలచివేసే విషయం. 13 మ్యాచ్‌లు, 13 గెలుపులు. పెద్ద డివిజన్‌లో ఆ ఏడాది ఒక్క ఓటమీ లేని టీము బోయిసీ ఒక్కటే. టైటిల్ మ్యాచ్ వారం తర్వాత, ఇదే స్టేడియంలో జరిగింది. ఆడింది ఒహాయో స్టేట్, ఫ్లోరిడా. ఒక ఓటమి ఉన్న ఫ్లోరిడా ఛాంపియన్. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకింగ్‌లో బోయిసీకి దక్కింది ఐదో స్థానం. అప్పట్లో ఓట్లూ కంప్యూటర్ లెక్కలూ కలిపి ఫైనల్‌కి ఇద్దర్ని ఎంచేవాళ్లు. ఫ్లోరిడాతో ఆడితే బోయిసీ ఓడిపోయేదేమో, నేను కాదనను. కానీ ఓడిపోయే అవకాశమైనా ఇవ్వాలి కదండీ!

2014 సీజన్ నుంచి నాలుగు టీముల ప్లేఆఫ్ వచ్చింది, 2024 సీజన్‌లో అది పన్నెండు టీములైంది. ఆ పన్నెండులో బోయిసీ ఉంది. వాళ్ల మ్యాచ్ 2024 డిసెంబర్ 31న, మళ్లీ ఫియస్టా బౌల్, మళ్లీ గ్లెండేల్. పెన్ స్టేట్ చేతిలో 31-14తో ఓడిపోయారు. ఆ రాత్రి లైవ్‌లో చూశాను. నాలుగో ఛాన్సు వచ్చిన ప్రతిసారీ నా కళ్లు క్వార్టర్‌బ్యాక్ ఎడమ చేతిమీదే ఉన్నాయి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి చెప్తున్నా: మొదటి మూడు క్వార్టర్లకు 5కి 3, ఆ తర్వాత దానికి 5కి 5. హైలైట్స్‌తో సరిపెట్టుకోకండి, 28-10 దగ్గర్నుంచైనా పూర్తిగా చూడండి. ఆఖరి ప్లే వచ్చినప్పుడు బంతిని వదిలేసి, జాన్సన్ ఎక్కడ నిలబడ్డాడో చూడండి. ఏమనిపించిందో కింద రాయండి. ఉంటాను.