పెర్పేతువా జైలు రాతలు

[తెర మీద: సముద్రపు ఒడ్డున కార్తేజ్ శిథిలాలు]

"నాన్నా, ఆ కుండ కనిపిస్తోందా? దాన్ని కుండ అనక ఇంకేమైనా అనగలమా?"

"అనలేం."

"నేనూ అంతే. క్రైస్తవురాలిని. ఇంకో పేరు చెప్పుకోలేను."

క్రీ.శ. 203. రోమన్ల ఏలుబడిలో ఉన్న కార్తేజ్ నగరం, ఇప్పటి ట్యునీషియాలో. ఈ మాటలన్నది విబియా పెర్పేతువా. దాదాపు 22 ఏళ్లు. కలిగిన కుటుంబం, చదువుకున్న పిల్ల, ఒళ్లో పాలు తాగే కొడుకు. జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్న రోజుల్లోనే పట్టుకున్నారు.

ఇదంతా మనకెలా తెలుసు? ఆమే రాసింది! జైల్లో, లాటిన్‌లో. తొలినాటి క్రైస్తవ స్త్రీల సొంత రాతలు మనదాకా వచ్చినవి చాలా చాలా తక్కువ. అందుకే వేదసాక్షులందరిలో, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వాళ్లందరిలో, ఈమె గొంతు నాకు అంత దగ్గరగా వినిపిస్తుంది.

భయపడ్డానని దాచుకోదు. అంత చీకటి ఎన్నడూ చూడలేదంటుంది. ఉక్క, సైనికుల వేధింపు, వాటికి మించి బిడ్డ మీద బెంగ. ఇద్దరు డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, కావలివాళ్లకు డబ్బిచ్చి, కొన్ని గంటలు కాస్త మంచి చోట ఉండనిచ్చేలా చేశారు. ఆకలికి సొమ్మసిల్లిన బిడ్డకు అక్కడే పాలిచ్చింది. తర్వాత బిడ్డను తన దగ్గరే ఉంచుకోనిచ్చారు. ఆ జైలే తనకు రాజభవనం అయిపోయిందని రాసుకుంది.

తండ్రి మళ్లీ వచ్చాడు. చేతులు ముద్దాడి, కాళ్ల మీద పడ్డాడు. కూతురిని కూతురా అనలేదు, అమ్మగారూ అన్నాడు. ఇక్కడ నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. విచారణలో హిలారియానుస్ అనే అధికారి చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించమన్నాడు. ఆమె కాదంది. అడ్డుపడిన తండ్రిని బెత్తంతో కొట్టించాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టు బాధపడింది, మాట మాత్రం మార్చుకోలేదు. శిక్ష: జనం చూస్తుండగా ఆటల్లో మృగాల ముందు చావు.

[తెర మీద: రావెన్నాలోని పెర్పేతువా, ఫెలిసితా మొజాయిక్ చిత్రాలు]

అదే జైల్లో ఫెలిసితా అనే బానిస. ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష వేయకూడదన్నది చట్టం. తోటి క్రైస్తవ ఖైదీలతో కలిసి చావుకు వెళ్లలేనేమోనని ఆమె దిగులు! అందరూ ప్రార్థించారు, నొప్పులొచ్చాయి. ఒక కావలివాడు ఎగతాళి చేశాడు: ఇప్పుడే ఇంతలా మూలుగుతున్నావు, మృగాల ముందు ఏం చేస్తావు? ఆమె జవాబు: "ఈ నొప్పి నేను పడుతున్నాను. అక్కడ నాలో ఇంకొకరుంటారు, నా కోసం ఆయన పడతాడు." క్రీస్తు గురించి ఆ మాట. ఆడపిల్ల పుట్టింది. విశ్వాసుల్లోని ఒక సోదరి ఆ పిల్లను పెంచుకుంది.

పెర్పేతువా రాత ఆటల ముందురోజుతో ఆగిపోతుంది. ఆ పైన జరిగేది కావాలంటే ఇంకెవరైనా రాయవచ్చునంటుంది.

రాశారు. మార్చి 7. చక్రవర్తి కొడుకు గేటా పుట్టినరోజు వేడుక. ఇద్దరు స్త్రీల మీదికి పొగరుబోతు ఆవును వదిలారు. ఎగిరిపడ్డ పెర్పేతువా చిరిగిన బట్ట సర్దుకుంది. పిన్ను అడిగి జుట్టు ముడి వేసుకుంది. విరబోసిన జుట్టు దుఃఖానికి గుర్తు మరి. తర్వాత ఫెలిసితాకు చేయి అందించి లేపింది. చివర్లో కత్తి పట్టిన కుర్రవాడి చేయి వణికితే, ఆ చేతిని తన మెడ దగ్గరికి తానే తెచ్చుకుంది.

రెండు వందల ఏళ్ల తర్వాత పునీత అగస్టీన్ వీళ్ల పండుగనాడు ప్రసంగించాడు. 1907లో కార్తేజ్ తవ్వకాల్లో వీళ్ల పేర్లున్న శాసనం బయటపడింది. కథోలిక దివ్యబలిపూజలోని మొదటి కృతజ్ఞతా ప్రార్థనలో ఇప్పటికీ ఈ పేర్లు పక్కపక్కనే వస్తాయి. ముందు ఫెలిసితా, తర్వాత పెర్పేతువా.