అంబాసిడర్‌కి ఐదో గేరు

మేనల్లుడు: అందరికీ నమస్కారం. ఇవాళ మా మామయ్య షెడ్డులో, ఆయన పాత అంబాసిడర్ పక్కనే కూర్చుని మాట్లాడుతున్నాం. మామయ్యా, ఇంజిన్ అదే 1489 సీసీ పెట్రోల్ ఉంచేసి, గేర్‌బాక్స్ ఒక్కటే ఎందుకు మార్చావు?

మామయ్య: పాత నాలుగు గేర్ల దానికి ఫస్ట్‌లో సింక్రో, అంటే గేరు పడే ముందు లోపలి పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు, ఉండదురా. బండి పూర్తిగా ఆగకుండా వేస్తే గర్రుమంటుంది. దానికైతే అలవాటు పడిపోయాను. హైవే మీదే ప్రాణం ఉసూరుమనేది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే, ఎనభై దాటాక ఇంజిన్ ఒకటే అరుపు.

మేనల్లుడు: అందుకని ఐదు గేర్లది తెచ్చావు.

మామయ్య: ఐదున్నాయి కదా అని కొనెయ్యకూడదు. పాతదాంట్లో టాప్ గేరు డైరెక్ట్. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే, వెనక చక్రాలకి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే. ఐదు గేర్ల వాటిలో సాధారణంగా నాలుగోది అలా ఉంటుంది. అసలు లెక్కంతా ఐదో గేరు రేషియోది, అంటే ఆ షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలన్నది. 0.85 అనుకో, నాలుగోలో 3500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని ఇంజిన్ చుట్ల మీద పోయే బండి అదే స్పీడులో 2975కి దిగుతుంది. 0.7 అయితే 2450.

మేనల్లుడు: 0.7 ఇంకా హాయి కదా?

మామయ్య: మన ఇంజిన్ దాన్ని లాగలేదురా! స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు బాగానే ఉంటుంది. కానీ బండి బరువు టన్ను పైనే. చిన్న ఎత్తు వచ్చినా నాలుగోలోకి దించాలి. ఇక ఆ ఐదోది ఎందుకు? అందుకే 0.7 వద్దనుకుని, జపాన్ ఇసుజు కంపెనీ ఇంజిన్‌తో వచ్చిన 1800 అంబాసిడర్ గేర్‌బాక్స్ వెతికి పట్టుకున్నాను. గేర్ రాడ్ కింద నుంచే వస్తుంది. అదే బాడీకి వచ్చింది కాబట్టి రాడ్ చేతికి అందే చోటే ఉంటుంది.

మేనల్లుడు: మరి మన ఇంజిన్‌కి నేరుగా కూర్చుంటుందా?

మామయ్య: కూర్చోదు. మధ్యలో రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేట్ చేయించాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. ఓ లేత్ షాపులో చేయించాను, బోల్టులన్నీ చక్కగా పడ్డాయి, సంబరపడ్డాను. నెల తిరక్కుండా, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని ఇంజిన్ వైపు పట్టుకునే పైలట్ బేరింగ్ పోయింది. క్లచ్ వదిలితే బండంతా వణుకు. విప్పి, ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్ చక్రానికి సన్నని తేడాలు కొలిచే డయల్ గేజ్ బిగించి, క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ ముందు డొప్ప, అదే బెల్ హౌసింగ్, మధ్య రంధ్రం అంచుకి ముల్లు ఆనించి, ఇంజిన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాను. ముల్లు 0.4 మిల్లీమీటర్లు ఊగింది. అంటే సెంటర్ 0.2 పక్కకి జరిగినట్టు. కంటికి కనపడదు, బేరింగ్‌ని మాత్రం తినేస్తుంది. ఈసారి గేజ్ చూసుకుంటూ ప్లేట్ సరిచేయించి, మళ్లీ జరక్కుండా పిన్నులు కొట్టించాను.

మేనల్లుడు: క్లచ్ ప్లేట్ ఏది వాడావు?

మామయ్య: మధ్యలో పళ్లు గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి సరిపోవాలి, బయటి సైజు మన ఫ్లైవీల్‌కి సరిపోవాలి. రెండూ కలిసే ప్లేట్ దొరకలేదు, సెంటర్ మార్పించి రివెట్లు వేయించాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా కొలత మారింది. కోసి వెల్డింగ్ చేయించాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. స్పీడోమీటర్ కేబుల్ నడిపే చిన్న గేరు గేర్‌బాక్స్‌తో పాటే అడిగి తీసుకో, తర్వాత విడిగా దొరకడం కష్టం. రా, ఎక్కు, ఊరి బయటికెళ్తే ఐదోలో ఎంత నిమ్మళంగా పోతుందో వింటావు.