శంషాబాద్ నుంచి గన్నవరం ఎంత దూరం?

బామ్మర్ది: నమస్కారం అండీ. పోయిన వారం మాటిచ్చినట్టు ఇవాళ శంషాబాద్ నుంచి విజయవాడ పక్కన గన్నవరానికి విమానం లెక్క. కానీ బావా.

బావ: గాలి దారిన సుమారు 265 కిలోమీటర్లురా. ఏటీఆర్, అదే ఫ్యాన్ల చిన్న విమానం, గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు కాబట్టి గాల్లో ఉండేది ముప్పావు గంట.

బామ్మర్ది: టికెట్ మీద గంటా, గంటా పది అని ఉంటుందిగా?

బావ: అది విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా. పైగా గాలికి ఎదురుగా లేవాలి. వానాకాలం పడమటి గాలికి అటే లేచి, మళ్లీ తూర్పుకి తిరగాలి. అదే బేగంపేట ఉన్నప్పుడు...

బామ్మర్ది: వచ్చేసింది బేగంపేట! సూర్యాపేట ఇడ్లీ కూడా తెచ్చెయ్, ఓ పనైపోతుంది.

బావ: ఆ ఇడ్లీ ఊసెత్తకు. సనత్‌నగర్లో మా డాబా మీంచి చూస్తే విమానం చక్రాలు కనిపించేవి. ఇంటి నుంచి ఆటోలో పావుగంట. 2008 మార్చిలో అంతా శంషాబాద్‌కి పోయింది.

బామ్మర్ది: దానికేగా మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వేశారు.

బావ: మెహదీపట్నం చేరేదాకా?

బామ్మర్ది: అందుకే నేను బస్సే అంటా. రాత్రి పదకొండింటికి కూకట్‌పల్లిలో ఎక్కితే తెల్లారకముందే విజయవాడ బెంజి సర్కిల్.

బావ: నడుం విరుగుతుంది. పగలు పని పెట్టుకుని వెళ్లేవాడికి విమానమే.

బామ్మర్ది: కాదు బావా. అమ్మ పడిపోయిన రోజు చూడు. రాత్రి పదింటికి నాన్న ఫోన్. పొద్దున విమానం అన్నావు. ఐదున్నరకి ఇల్లు వదిలా. గంట ముందే చెకిన్ మూసేస్తారని పరుగు. ఆపైన విమానం ఆలస్యం. గుడివాడ ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదకొండూ పావు.

బావ: ...

బామ్మర్ది: చేతికి సెలైన్ సూది, దాని మీద తెల్ల ప్లాస్టర్. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, ‘బస్సులో వచ్చావా నాన్నా, ఏమన్నా తిన్నావా’ అంది. బస్సెక్కి ఉంటే తెల్లారేసరికి ఆమె పక్కనుండేవాణ్ణి.

బావ: టికెట్ తీసింది నేనేరా. ముప్పావు గంట అనే లెక్కేశాను. ఇంటి గడప నుంచి ఆ మంచం దాకా లెక్క వెయ్యలేదు.

బామ్మర్ది: నిన్ననట్లేదు బావా.

బావ: తెలుసు. అయినా బేగంపేటే ఉండుంటే...

బామ్మర్ది: బేగంపేటైనా మొదటి విమానం తెల్లారాకేగా.

బావ: గంటన్నరైనా కలిసొచ్చేది. సనత్‌నగర్ నుంచి...

బామ్మర్ది: నేనుండేది కూకట్‌పల్లిలో!

బావ: అక్కణ్ణుంచైనా అరగంటేరా, ఆ టైములో రోడ్డు మీద ఎవరుంటారు, బాలానగర్ మీదుగా...

(కుక్కర్ విజిల్)

బామ్మర్ది: అక్క పిలుస్తోంది. మూడోది అది, కట్టెయ్ బావా.