తియ్యటి టీకా

అందరికీ నమస్కారం. పోలియో ఆదివారం అనగానే మనకు గుర్తొచ్చేవి బిడ్డ నోట్లో రెండు చుక్కలు, చిటికెన వేలి మీద ఇంకు మరక. చైనాలో చాలా ఏళ్లు ఆ పని చేసింది ఒక చక్కెర గోళీ. దాన్ని తెచ్చిన వైరాలజిస్టు, అంటే వైరస్‌లను అధ్యయనం చేసే శాస్త్రవేత్త, గూ ఫాంగ్‌జౌ గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆయన 1926లో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి మంత్రసాని పని నేర్చుకుని పిల్లల్ని పెంచింది. సోవియట్ యూనియన్‌లో వైరాలజీ చదువుకుని 1955లో తిరిగొచ్చారు. ఆ ఏడాదే చైనాలోని నాన్‌టోంగ్‌లో పోలియో విరుచుకుపడింది. 1680 మందికి కాళ్లో చేతులో చచ్చుబడ్డాయి, 466 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఒక తల్లి నడవలేని కొడుకును వీపున మోసుకొచ్చి బాగుచేయమని అడిగితే, దీనికి మందు లేదని చెప్పాల్సి వచ్చింది.

1959లో టీకా కోసం మళ్లీ మాస్కో వెళ్లారు. చంపిన వైరస్‌తో చేసే ఇంజెక్షన్ ఖరీదెక్కువ. బలం తగ్గించిన సజీవ వైరస్ టీకా చవక, నోట్లో వేస్తే చాలు. కోట్లమంది పిల్లలున్న పేద దేశానికి రెండోదే దిక్కని ఆయన తేల్చుకున్నారు.

ముందు తానే తాగారు. ఏమీ కాలేదు. అయితే పెద్దవాళ్లలో చాలామందికి అప్పటికే రోగనిరోధకశక్తి ఉంటుంది, అసలు భయం పసివాళ్ల గురించే. అందుకే ఏడాదైనా నిండని తన కొడుకుకు వేశారు. తోటివాళ్లు కూడా తమ పిల్లలకు వేశారు. జ్వరం వస్తుందేమో, కాలు కదపడేమోనన్న ఆ టెన్షన్ తల్చుకుంటేనే నా గుండె గుబేలుమంటుంది. అది సరైన పనేనా అంటే నేను తేలిగ్గా అవునని అనలేను. ఊళ్లో పిల్లలకు ముందుగా వేయలేదన్నది మాత్రం నాకు పెద్ద విషయం. పిల్లలంతా క్షేమంగా ఉన్నారు.

తర్వాత నైరుతి చైనాలోని కున్మింగ్ కొండల్లో, కరువు రోజుల్లో, టీకా తయారీ మొదలైంది. కానీ ద్రవరూపంలో ఉన్న మందుకు చల్లదనం కావాలి, పల్లెల్లో ఫ్రిజ్‌లెక్కడివి? పైగా పసివాడు సగం మింగి సగం ఉమ్మేస్తాడు. అందుకే 1962లో దాన్ని చక్కెర గోళీగా మార్చారు. ద్రవం కంటే ఎక్కువ రోజులు నిలిచేది. థర్మోస్ ఫ్లాస్కులో వేసుకుని మారుమూల ఊళ్లకూ తీసుకెళ్లారు.

2000లో చైనా పోలియో రహితమైందని ధ్రువీకరించే పత్రం మీద 74 ఏళ్ల వయసులో ఆయన సంతకం చేశారు. 2019 జనవరిలో కన్నుమూశారు. ఆ గోళీలు చప్పరించి పెరిగినవాళ్లకు ఆయన ‘చక్కెర గోళీ తాత’.