పసుపు అంచు లోపల ఏం మిగిలింది?

(స్టూడియో చర్చా కార్యక్రమం, పూర్తి పాఠం. పాల్గొన్నవారు: ఒక వన్యప్రాణి ఫోటోగ్రాఫర్, జర్నలిజం బోధించే ఒక అధ్యాపకురాలు, ట్రస్టుల లెక్కలు చూసే ఒక ఆడిటర్.)

యాంకర్: నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న పత్రికను పేరు చదవకుండానే గుర్తుపట్టేస్తాం. చుట్టూ పసుపు అంచు. నేషనల్ జియోగ్రాఫిక్. 1888 జనవరిలో వాషింగ్టన్‌లో 33 మంది కలిసి పెట్టుకున్న సొసైటీ అది. భూగోళ జ్ఞానాన్ని పెంచాలి, పదిమందికీ పంచాలి. అదే లక్ష్యం, లాభం కాదు. అలాంటి సంస్థ 2015లో తన పత్రికనూ చానళ్లనూ ఒక లాభాపేక్ష కంపెనీ కిందికి తెచ్చి, అందులో 73 శాతం వాటాను మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డోక్ కుటుంబం చేతిలో ఉన్న ట్వెంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్‌కి ఇచ్చింది. 2019లో ఆ వాటా డిస్నీకి వెళ్లింది. 2023 జూన్‌లో ఎడిటోరియల్ విభాగంలో 19 మందిని తీసేశారు. పత్రికలో జీతం మీద రాసే స్టాఫ్ రైటర్లలో చివరిదాకా మిగిలినవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. ఫోటోగ్రాఫర్ గారూ, ఈ కాపీ మీదే కదా, ముందు మీరు చెప్పండి.

ఫోటోగ్రాఫర్: ఇది ఆబిడ్స్‌లో కొన్నదండి. ఆదివారం షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. ఇవి 1960ల నాటి కాపీలు, కట్టలు కట్టి ఉండేవి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. లోపల మడతపెట్టిన మ్యాప్ ఉందా లేదా అని అమ్మేవాడు ముందే చూసుకునేవాడు. మ్యాప్ ఉంటే రేటు వేరు. నాకు ఇంగ్లిష్ సరిగా వచ్చేది కాదు. బొమ్మ కింద ఉండే రెండు మూడు లైన్లు డిక్షనరీ పెట్టుకుని చదివేవాణ్ణి. ఒక్క ఫోటో కోసం ఒక మనిషి నెలల తరబడి అడవిలో కూర్చోవచ్చని, దానికి జీతమిచ్చే సంస్థ ఒకటి ఉంటుందని నాకు అలా తెలిసింది. నేను ఈ పనిలోకి రావడానికి ఈ కట్టలే కారణం. అందుకే 2023లో ఆ వార్త చదివినప్పుడు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

యాంకర్: ఆడిటర్ గారూ, ఫాక్స్‌తో ఒప్పందం తప్పని మీరు అనడం లేదని విన్నాను.

ఆడిటర్: అనడం లేదు. ముందు లెక్క చూడండి. 1980ల చివర్లో అమెరికాలోనే ఆ పత్రికకు దాదాపు 1 కోటి 20 లక్షల చందాదారులు. 2022 చివరికి 18 లక్షల లోపు. ఇంటర్నెట్ ప్రపంచంలో ఏ పత్రికనూ వదల్లేదు, దీన్నీ వదల్లేదు. అలాంటప్పుడు 725 మిలియన్ డాలర్లు ఇస్తామని ఒకరు వచ్చారు. ఆ డబ్బుతో సొసైటీ మూలనిధి దాదాపు 1 బిలియన్ డాలర్లకు చేరింది. దానిమీద వచ్చేదాంతో పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తున్నారు. కొత్త కంపెనీలో 27 శాతం ఇంకా సొసైటీదే. ఏ ట్రస్టు బోర్డులో ఉన్నవాళ్లయినా ఆ కాగితం ముందు పెడితే సంతకం చేస్తారు. నేనైనా చేయమనే సలహా ఇచ్చేవాణ్ణేమో.

అధ్యాపకురాలు: నేను ఇక్కడ కలగజేసుకుంటానండి. ఆ సంతకం పెట్టింది చెడ్డవాళ్లు కాదు. అప్పుడు సొసైటీ అధిపతి గ్యారీ నెల్. ఆయన అంతకుముందు అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌కి అధిపతి. దానికంటే ముందు పిల్లల కార్యక్రమం సెసమీ స్ట్రీట్ తీసే సంస్థకి. లాభాపేక్ష లేని మీడియా అంటే ఏమిటో ఆయన కంటే బాగా తెలిసినవారు తక్కువ. ఇంకో సంగతి చూడండి. సరిగ్గా ఆ 2015 ఆగస్టులోనే సెసమీ స్ట్రీట్ వాళ్లు హెచ్‌బీఓతో ఒప్పందం చేసుకున్నారు. కొత్త ఎపిసోడ్లు ముందు డబ్బు కట్టి చూసే చానల్లో, తొమ్మిది నెలల తర్వాతే ఉచితంగా చూసే పీబీఎస్‌లో. అసలు ఆ కార్యక్రమం పుట్టిందే బడికి ముందు చదువు అందని పేద పిల్లల కోసం. వాళ్లనే తొమ్మిది నెలలు ఆగమన్నారు. ఆ తర్వాతి నెల, సెప్టెంబర్‌లో, నేషనల్ జియోగ్రాఫిక్ ఒప్పందం. ఇద్దరి వాదనా ఒకటే, డబ్బు లేకపోతే ఆశయం లేదని. ఆ మాట నిజమే. ఆ మాట పట్టుకుని ఆశయంలో ఏ భాగం వదిలేశారన్నదే నా ప్రశ్న.

యాంకర్: వాతావరణ మార్పును సందేహించే మర్డోక్ చేతిలో పడితే వాతావరణ మార్పు మీద రాయనివ్వరని అప్పట్లో చాలామంది భయపడ్డారు.

అధ్యాపకురాలు: భయపడ్డట్టు జరగలేదు, అది ఒప్పుకోవాలి. 2015 నవంబర్ సంచిక మొత్తం వాతావరణ మార్పు మీదే. కానీ అదే నవంబర్‌లో సొసైటీ దాదాపు 180 మంది ఉద్యోగులను తీసేసింది. మనం తలుపు దగ్గర కాపలా కూర్చున్నాం, దెబ్బ గోడకి పడింది. “ఇది రాయొద్దు” అని ఎవరూ అనలేదు. రాసేవాళ్లు ఒక్కొక్కరే లేకుండా పోయారు. 2018 ఏప్రిల్‌లో సంపాదకురాలు సూజన్ గోల్డ్‌బర్గ్ దశాబ్దాలపాటు తమ పత్రిక రాతలు జాతివివక్షతో ఉన్నాయని సొంత పేజీల్లోనే ఒప్పుకున్నారు. అది ఫాక్స్ కాలంలోనే. ఆ పాత పాపమంతా లాభాపేక్ష లేని రోజుల్లోదే. కాబట్టి వెనకటి రోజులన్నీ బంగారం అని నేను అనను.

ఫోటోగ్రాఫర్: అసలు ఇది 2015లో మొదలవలేదండి. 1982 ఫిబ్రవరి కవర్ గుర్తుందా? గిజా పిరమిడ్లు. ఫోటో అడ్డంగా తీసింది, కవర్‌కి నిలువుగా కావాలి. కంప్యూటర్‌లో పెట్టి ఒక పిరమిడ్‌ని పక్కకి జరిపేశారు. చిన్న విషయం అనిపిస్తుంది. మా ఫోటోగ్రాఫర్లకు మాత్రం అది గుండెలో గుచ్చుకుంది. కవర్ ఆకర్షణగా కనిపించడం ముఖ్యమా, అక్కడున్నది ఉన్నట్టు చూపడం ముఖ్యమా అన్నప్పుడు ఆ రోజు గెలిచింది కవర్. తర్వాత 1997లో పాత సంచికలన్నీ సీడీల్లో పెట్టి అమ్మారు. ఫ్లోరిడాలో సముద్రం అడుగున ఫోటోలు తీసే జెరీ గ్రీన్‌బర్గ్, తన బొమ్మలకు తన అనుమతి ఏదని కోర్టుకెళ్లాడు. పదేళ్లు పైన నడిచింది. ముందు ఆయన గెలిచాడు, 2008లో అదే అప్పీల్ కోర్టు విస్తృత ధర్మాసనంతో తీర్పు తిరగరాసింది. చట్టం సంగతి వదిలేయండి. ఒక ఫోటోగ్రాఫర్‌ని తమ మనిషిగా చూసిన సంస్థ అలా అతనితో కోర్టులో నిలబడింది, అది బాధ.

ఆడిటర్: 1995లోనే లాభాలు తెచ్చే పనుల కోసం విడిగా ఒక కంపెనీ పెట్టుకున్నారు. అంటే పన్ను మినహాయింపున్న సొసైటీ ఒకవైపు, వ్యాపారం ఇంకోవైపు. అమెరికాలో 2001లో చానల్ వచ్చింది, అదీ ఫాక్స్ భాగస్వామ్యంతోనే. కాబట్టి 2015 ఒప్పందం హఠాత్తుగా ఊడిపడింది కాదు.

అధ్యాపకురాలు: చానల్ సంగతి ఆగి మాట్లాడుకోవాలి. ఎందుకంటే మన దగ్గర చాలామందికి పత్రిక కన్నా చానలే తెలుసు. 2012లో ప్రళయం వస్తుందని ఇంటి నిండా సరుకులు, తుపాకులు దాచుకునే కుటుంబాల మీద ఒక రియాలిటీ సీరీస్ వేశారు. అప్పటిదాకా ఆ చానల్లో దేన్నీ అంతమంది చూడలేదట. మరుసటి ఏడాది ఇంకోటి, చర్చిలో విషపాములు చేత్తో పట్టుకుని ప్రార్థన చేసే పాస్టర్ల మీద. ఆ పాస్టర్లలో ఒకరు 2014 ఫిబ్రవరిలో కెంటకీలో పాము కాటుతో చనిపోయారు. అదే అంచు, అదే పేరు. 1888 నుంచి సభ్యుల చందాలతో కూడబెట్టుకున్న నమ్మకం ఉంది చూశారా, దాన్ని రేటింగ్‌కి అద్దెకిచ్చారు. ఇంట్లో పిల్లాడు ఏదో చూస్తుంటే “నాట్ జియోలే, మంచిదే” అని పెద్దవాళ్లు రిమోట్ పక్కన పెట్టేస్తారు. ఆ భరోసాకే అద్దె కట్టారు.

యాంకర్: మేడమ్, మీరు కూడా ఒకప్పుడు ఇలాంటి పరిస్థితి దగ్గరగా చూశానని చర్చకు ముందు చెప్పారు.

అధ్యాపకురాలు: చూశానండి. పేరు చెప్పను. ఒక ట్రస్టు నడిపే తెలుగు సైన్స్ మాసపత్రికలో నాలుగేళ్లు పనిచేశాను. ఇద్దరు ఎడిటర్లం, ఒక టైపిస్టు. కాగితం ధర పెరిగింది, వెనక అట్ట ఒక పురుగుమందుల కంపెనీకి ఇచ్చాం. కంపెనీ వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు, ఒక్క ఫోన్ చేయలేదు. ఆ నెలే మా దగ్గరికి ఊళ్లలో బావినీళ్లలో మందుల అవశేషాల మీద ఒక వ్యాసం వచ్చింది. బాగా రాశారు. పేజీలు పెట్టేసి ప్రూఫ్ కూడా చూశాను. అప్పుడు మా మేనేజర్ వచ్చి, చాలా మంచాయన, “అమ్మా, వచ్చే నెల వేద్దామా?” అన్నారు. అంతే. సరే సార్ అన్నాను. వచ్చే నెల ఇంకో నెల అయింది. ఆ వ్యాసం ఎప్పటికీ రాలేదు. రాసినాయన రెండుసార్లు పోస్టుకార్డు రాశారు. జవాబు ఇవ్వలేదు. తప్పు నాదే. ఎవరూ నోరు నొక్కలేదు, నేనే నొక్కుకున్నాను. అందుకే నా క్లాసులో పిల్లలకి ఒత్తిడి అంటే ఫోన్ మోగడం కాదని చెప్తాను.

ఫోటోగ్రాఫర్: ఆ రాసినాయన...

అధ్యాపకురాలు: ఇప్పుడు లేరు.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: ఆడిటర్ గారూ, అయితే డబ్బు రావాలి, పని చెడకూడదు. దారి ఉందా?

ఆడిటర్: నేను ఇందాక సంతకం చేయమనేవాణ్ణేమో అన్నాను. మేడమ్ చెప్పింది విన్నాక ఒక పోలిక చెప్పాలనిపిస్తోంది. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక ఉంది. 1936లో పెట్టిన స్కాట్ ట్రస్టు కింద నడుస్తుంది. వాళ్లకీ నష్టాలే. పాత కార్ల ప్రకటనల వ్యాపారం ఆటో ట్రేడర్‌లో వాళ్లకి సగానికి పైగా వాటా ఉండేది. 2014లో ఆ వాటా 600 మిలియన్ పౌండ్లకు పైగా అమ్మేసి ఆ డబ్బు నిధిలో వేసి పత్రికను నిలబెట్టుకున్నారు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. గార్డియన్ వాళ్లు వ్యాపారం అమ్మి పత్రికను ఉంచుకున్నారు. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు పత్రికను ఇచ్చి నిధిని ఉంచుకున్నారు. బ్యాలెన్స్ షీట్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆస్తి పోయింది, నగదు వచ్చింది. తేడా మాత్రం ఇంతా అంతా కాదు.

అధ్యాపకురాలు: గార్డియన్‌లోనూ 2024లో తమ ఆదివారం పత్రిక అబ్జర్వర్‌ను అమ్ముతుంటే జర్నలిస్టులు సమ్మె చేశారు.

ఆడిటర్: చేశారు. అయినా అమ్మారు. ట్రస్టు అన్నంత మాత్రాన రక్షణ కాదు. నేను ఆడిట్‌కి వెళ్లిన ట్రస్టుల్లో మొదటి పేజీలో ఆశయం ఉంటుంది. ఏది అమ్మకూడదో రాసిన పేజీ మాత్రం ఎక్కడా కనపడదు. భవనం అమ్మాలంటే తీర్మానం కావాలి. రిపోర్టర్ ఉద్యోగం తీసేయాలంటే ఒక ఈమెయిల్ చాలు. ఆ ఉద్యోగాన్ని కూడా స్థిరాస్తిలా రాసుకోవాలి. ఇంతమంది రచయితలు, ఇంతమంది ఫోటోగ్రాఫర్లు జీతం మీద ఉండాలి, తగ్గిస్తే వాటా వెనక్కి తీసుకునే హక్కు మాకుంటుంది అని. కొనేవాడు ధర తగ్గిస్తాడు. తగ్గించనివ్వండి.

ఫోటోగ్రాఫర్: సొసైటీ ఇప్పటికీ సముద్రాల మీద, అడవుల మీద మంచి పనికి డబ్బిస్తోంది, దాన్ని కాదనలేం. కానీ పెంచడం, పంచడం రెండూ కదా ఆశయం. పెంచే పని సొసైటీ దగ్గర ఉంది. పంచే పని లాభం చూసుకునేవాళ్ల దగ్గరికి పోయింది. ఇప్పుడు వ్యాసాలు రాసేది జీతం మీద లేని ఫ్రీలాన్సర్లు, కూర్చేది ఎడిటర్లు. ఫ్రీలాన్సర్లలో గొప్పవాళ్లున్నారు, నేనూ ఫ్రీలాన్సర్నే. మాకు ఒక అసైన్‌మెంట్ ఉంటుంది, గడువు ఉంటుంది. చిరుత రాకపోతే ఇంకో పది రోజులు ఉండు అనే గొంతు ఫోన్‌లో ఉండదు. గది అద్దె మనదే, జీపు మనదే, టెన్షన్ మనదే. ఆ పది రోజుల్లో దొరికేదే ఈ పత్రిక.

యాంకర్: కార్యక్రమం ముగిసే టైమ్ అయింది. ఆ కాపీలో మడతపెట్టిన కాగితం ఏదో కనిపిస్తోంది. మ్యాపా?

ఫోటోగ్రాఫర్: మ్యాప్ పోయిందండి, అందుకే నాకు చవగ్గా దొరికింది. ఇది ఫారం. అప్పట్లో కొనేవాళ్లను చందాదారులు అనేవారు కాదు, సొసైటీ సభ్యులు అనేవారు. ఇది సభ్యత్వానికి సిఫారసు చేసే ఫారం. మీకు తెలిసిన ఒకరి పేరు, కింద మీ పేరు రాసి పంపాలి. ఎవరో మొదలుపెట్టారు చూడండి. పైన పేరు సిరాతో రాశారు, వెలిసిపోయింది. సిఫారసు చేసేవారి గీత దగ్గర ఖాళీ.

అధ్యాపకురాలు: ఏదీ, ఒకసారి ఇటివ్వండి.